విద్యుత్ నేత్రం: చూపుకు పూచీ ఎవరిది?

మొన్న మన సంఘం ఉగాది సభ ముగిసి అందరూ లేచి వెళుతూ ఉండగా ఒక పెద్దావిడ మా దగ్గరకు వచ్చారు. కొంగున ముడివేసి తెచ్చిన కాగితం ముక్క విప్పి మా చేతిలో పెట్టారు. అది తమిళ పత్రికలోంచి కత్తిరించిన వార్త. చూపు పోయినవారి కంటిలో యంత్రం అమర్చి మళ్లీ అక్షరాలు చదివించారని దాని సారాంశం.

"నాయనా, మా మనమడికి పదహారేళ్లు. పొద్దు వాలితే గోడలు తడుముకుంటాడు. పగలు కూడా పక్కన నిలబడ్డ మనిషి ఆనడు. కంటి వెనక పొర ఎండిపోతున్నదని డాక్టర్లు చెప్పారు. ఈ యంత్రం పెట్టిస్తే బాగవుతుందా? ఉన్న రెండెకరాలూ అమ్మేస్తాము" అని అడిగారు.

మేము అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాము. విషయం తెలుసుకొని పత్రికలో వ్రాస్తామని మాట ఇచ్చాము. ఆ మాట చెల్లించుకోవడానికే ఈ వ్యాసం.

అంధునికి చూపు ప్రసాదించే కథలు మనకు కొత్త కాదు. కురుక్షేత్ర యుద్ధం చూడడానికి చూపు ఇస్తానని వ్యాసుడు అంటే, బంధువుల చావు కళ్లారా చూడలేనని ధృతరాష్ట్రుడు వద్దన్నాడు. ఆ దివ్యదృష్టి సంజయునికి దక్కింది. ఐతే దివ్యదృష్టి ఇచ్చే ముని వరమిచ్చి తన దారిన తాను వెళ్లిపోవచ్చు. యంత్రదృష్టి ఇచ్చినవాడు అలా వెళ్లిపోతే ఏమవుతుందో ఈమధ్యనే లోకం చూసింది. ఆ సంగతి చెప్పబోయే ముందు, కన్ను ఎలా చూస్తుందో రెండు మాటలు చెప్పుకోవాలి.

కన్ను చూసే తీరు

కంటి ముందు భాగంలో కార్నియా అనే అద్దం వంటి పొర, దాని వెనుక కటకం, గుడ్డు లోపలి వెనుక గోడను అంటిపెట్టుకొని రెటీనా అనే పలుచని పొర ఉంటాయి. రెటీనాలో వెలుతురును పట్టుకొనే కణాలు ముఖ్యంగా రెండు రకాలు. మసక వెలుతురులో పనిచేసే కడ్డీకణాలు సుమారు 12 కోట్లు. పగటి వెలుతురులో రంగులను, సన్నని వివరాలను పట్టే శంకుకణాలు సుమారు 60 లక్షలు. ఇవి వెలుతురును విద్యుత్ సంకేతాలుగా మారుస్తాయి. రెటీనాలోనే ఉన్న మరికొన్ని వరుసల నరకణాలు ఆ సంకేతాలను పోల్చి, కుదించి, సుమారు 10 లక్షల పోగులున్న చూపునరం గుండా మెదడుకు పంపుతాయి. చివరకు చూసేది మెదడు.

దీనిని తపాలాతో పోల్చుకోవచ్చు. కడ్డీకణాలు, శంకుకణాలు ఉత్తరం వ్రాసేవారు. లోపలి నరకణాలు ఉత్తరాలను ఏర్చి కూర్చేవారు. చూపునరం తపాలా బంట్రోతు. ఉత్తరం అందకపోతే లోపం ఎక్కడ ఉన్నదో ముందు తెలియాలి. అంధత్వం అన్నది ఒకే మాటైనా జబ్బు ఒకటి కాదు.

కటకం మసకబారితే శుక్లం అంటాము. మన దేశంలో చూపు పోవడానికి అన్నిటికంటె పెద్ద కారణం ఇదే. చిన్న శస్త్రచికిత్సతో మసకబారిన కటకం తీసి కృత్రిమ కటకం పెడితే చూపు వస్తుంది. కార్నియా తెల్లబడి పువ్వు వేస్తే, చనిపోయినవారు దానం చేసిన కార్నియాను అతికిస్తారు. ఈ రెండు జబ్బులకు విద్యుత్ యంత్రంతో పని లేదు. నీటికాసుల జబ్బులో చూపునరమే చచ్చిపోతుంది. బంట్రోతే లేనప్పుడు రెటీనా మీద ఎంత గొప్ప యంత్రం పెట్టినా ఆ ఉత్తరం చేరదు.

ఇక మిగిలింది వ్రాసేవాడు పోయి బంట్రోతు మిగిలిన సందర్భం. రెటినైటిస్ పిగ్మెంటోజా అనే వంశపారంపర్యపు జబ్బు ఇటువంటిది. లోకంలో సుమారు 4000 మందిలో ఒకరికి ఇది ఉంటుందని అంచనా. మొదట కడ్డీకణాలు చస్తాయి గనుక రేచీకటితో మొదలవుతుంది. తరువాత చుట్టూ ఉన్న చూపు తగ్గి, గొట్టంలోంచి చూస్తున్నట్లు నడిమి చూపు మాత్రం మిగులుతుంది. కొందరికి చివరకు అదీ పోతుంది. కాని లోపలి నరకణాలు కొంతవరకు బ్రతికే ఉంటాయి. చచ్చిన కణాలకు బదులుగా యంత్రం విద్యుత్ సంకేతం ఇస్తే అవి దానిని మెదడుకు చేరవేయగలవు. విద్యుత్ నేత్రానికి ఆధారం ఇదే.

తొలి ప్రయత్నాలు

విద్యుత్తుతో వెలుగు కనిపిస్తుందన్న సంగతి పాతదే. 1755లో షార్ల్ లె రోయ్ అనే ఫ్రెంచి వైద్యుడు ఒక అంధుని తలకు తీగ చుట్టి విద్యుత్ ప్రయోగించగా అతనికి మెరుపులు కనిపించాయి. 1929లో ఆట్‌ఫ్రిడ్ ఫోర్‌స్టర్ అనే జర్మను వైద్యుడు మెదడు వెనుక భాగాన్ని విద్యుత్తుతో తాకినప్పుడు రోగికి వెలుగు చుక్క కనిపించింది. 1968లో ఇంగ్లండులో బ్రిండ్లీ, లెవిన్ అనే ఇద్దరు, చూపు కోల్పోయిన ఒక మహిళ మెదడు మీద 80 విద్యుత్ కొనలు అమర్చిన వృత్తాంతం ప్రకటించారు. ఆమెకు చిన్న చిన్న తెల్లని చుక్కలు కనిపించాయి. అవి నిత్యజీవితంలో పనికివచ్చే చూపు కాలేదు. కాని చుక్క వెంట చుక్క పెట్టి బొమ్మ కట్టవచ్చునన్న ఆశకు మాత్రం బలం వచ్చింది. ముంగిట ముగ్గు వేసే మన ఆడవారికి ఈ ఆలోచన వేరే చెప్పనక్కరలేదు.

అరవై చుక్కల చూపు

1990 దాటిన తొలి ఏళ్లలో అమెరికాలో మార్క్ హుమాయున్ అనే వైద్యుడూ ఆయన తోటివారూ మెదడును విడిచి రెటీనానే ఎన్నుకున్నారు. అంధుల రెటీనా మీద సన్నని తీగ కొన ఆనించి విద్యుత్ ఇవ్వగా వారు చుక్కలు చూడగలిగారు. 1998లో కాలిఫోర్నియాలో సెకండ్ సైట్ అనే కంపెనీ వెలిసింది. 2002లో 16 కొనలున్న ఆర్గస్ 1 అనే యంత్రాన్ని మొదటిసారిగా కంటిలో అమర్చారు. తరువాత 60 కొనలున్న ఆర్గస్ 2 వచ్చింది. 2007 నుంచి 30 మంది మీద పరీక్షించిన పిమ్మట 2011లో యూరపులోను, 2013లో అమెరికాలోను దానిని అమ్మడానికి అనుమతి లభించింది.

అది పనిచేసే తీరు ఇది. నల్లకళ్లద్దాల నడుమ చిన్న కెమేరా ఉంటుంది. అది తీసిన బొమ్మ తీగ గుండా నడుముకు తగిలించుకున్న చిన్న పెట్టెకు పోతుంది. పెట్టె ఆ బొమ్మను 60 చుక్కలకు కుదించి తిరిగి కళ్లద్దాలకు పంపుతుంది. అక్కడినుంచి రేడియో తరంగాలుగా కంటిగుడ్డుకు అమర్చిన తీగచుట్టకు చేరి, రెటీనా మీద చిన్న మేకుతో బిగించిన పలుచని రేకులోని 60 కొనలలో కావలసినవి మాత్రమే విద్యుత్తునిస్తాయి. ఏ కొన పనిచేస్తే అక్కడ ఒక వెలుగు చుక్క మెరుస్తుంది.

12 కోట్ల కణాలు చేసే పనికి 60 కొనలు! దీనినిబట్టి ఆ చూపు ఎటువంటిదో ఊహించవచ్చు. అందులో రంగులు లేవు, ముఖకవళికలు లేవు. నలుపు తెలుపుల నడుమ మినుకుమినుకుమనే మచ్చలు మాత్రమే. కెమేరా కళ్లద్దాలలో ఉన్నది గనుక కన్ను తిప్పితే లాభం లేదు, తల తిప్పాలి. ఈ మచ్చ తలుపు, ఆ గీత కాలిబాట అంచు అని నెలల తరబడి నేర్చుకోవాలి. ఐనా పూర్తి చీకటిలో ఉన్నవారికి అది చిన్న సంగతి కాదు. కొందరు తలుపెక్కడ ఉన్నదో కనుక్కోగలిగారు. కాలిబాట దిగిపోకుండా నడవగలిగారు. నల్లని, తెల్లని, బూడిదరంగు మేజోళ్లను వేరుచేయగలిగారు. కొందరు పెద్ద పెద్ద అక్షరాలు పోల్చగలిగారు. ఎన్నో ఏళ్ల తరువాత కిటికీ వెలుగు చూడగలగడమే ఎంతో అనుకున్నవారు ఉన్నారు. యంత్రం ఖరీదు సుమారు లక్షా యాభై వేల డాలర్లు. శస్త్రచికిత్స, శిక్షణల ఖర్చు వేరు. లోకం మొత్తం మీద సుమారు 350 మంది దీనిని పెట్టించుకున్నారు.

అంగడి మూసిన తరువాత

ఇంతవరకు కథ బాగానే ఉన్నది. కాని 350 మందికి అమ్మిన సరుకుతో కంపెనీ బ్రతకదు. 2019లో సెకండ్ సైట్ ఆర్గస్ 2 తయారీ ఆపి, మెదడుకు అమర్చే మరొక యంత్రం వైపు మళ్లింది. 2020 మార్చిలో డబ్బు లేక ఉద్యోగులలో ఎక్కువమందిని పంపివేసింది. యంత్రం కంటిలో ఉన్నవారిలో కొందరికి ఈ వార్త కంపెనీ నేరుగా చెప్పనైనా లేదు. వారు ఇతరుల వల్ల విన్నారు.

పరిస్థితి ఎంత దయనీయమో 2022లో ఒక అమెరికా ఇంజనీర్ల పత్రిక వివరంగా బయటపెట్టింది. కళ్లద్దాలు విరిగినా, నడుము పెట్టె చెడినా బాగుచేసేవారు లేరు. ఒకరి పెట్టె కింద పడి పగిలితే మారు పెట్టె కోసం తెలిసిన వైద్యులనూ తోటివారినీ అడిగి తిరగవలసి వచ్చింది. మరొకరికి తలకు ఎమ్.ఆర్.ఐ. పరీక్ష చేయవలసి వస్తే, కంటిలో లోహమున్న మనిషిని ఆ పెద్ద అయస్కాంతంలోకి పంపవచ్చునా అని వైద్యులు అడిగితే జవాబిచ్చే నాథుడు లేడు. తీసివేద్దామంటే అదీ కంటికి మరొక శస్త్రచికిత్సే. పనిచేయని యంత్రాన్ని కంటిలోనే మోస్తూ ఉండవలసిన స్థితి.

ఒకసారి చూపు పోయినవారికి రెండవసారి చీకటి వచ్చింది. ఈసారి జబ్బు వల్ల కాదు, లెక్కల పుస్తకం వల్ల. ఆ కంపెనీ 2022లో మరొక మందుల కంపెనీతో కలిసి పేరు మార్చుకున్నది.

దీనిని ఒక్క కంపెనీ దోషమని కూడా తీసివేయలేము. జర్మనీలో ఎబర్‌హార్ట్ ట్స్రెన్నర్ అనే నేత్రవైద్యుని పరిశోధనతో వచ్చిన మరొక యంత్రంలో వెలుతురు పట్టే 1500 చుక్కల చిప్పును రెటీనా కిందనే పెట్టారు. 2013లో దానికి యూరపు అనుమతి వచ్చింది. దానిని తయారుచేసిన కంపెనీ కూడా 2019లో మూసివేతకు పూనుకున్నది. రోగులు తక్కువ, ఖర్చు ఎక్కువ, ఫలితం కొద్ది. ఇక వ్యాపారం ఎలా నిలుస్తుంది?

పంపుసెట్టు కొంటే దుకాణం మూతపడినా ఊళ్లో మెకానిక్ ఎవరో ఒకరు బాగుచేస్తాడు. కంటిలోని యంత్రానికి అటువంటి దిక్కు లేదు. మరమ్మతు తెలిసినవాడు ఒక్కడే, విడిభాగాలు ఒక్క చోటే. అటువంటప్పుడు అమ్మకం రసీదుతో సంబంధం తీరిపోదు. శరీరంలో యంత్రం పెట్టినవాడు ఆ శరీరం ఉన్నంతకాలం జవాబుదారీ కావాలి. దానికి చట్టమో, ముందుగా కేటాయించిన నిధియో, కంపెనీ మూతపడితే నమూనాలు, విడిభాగాలు ఆసుపత్రులకు అప్పగించే ఒప్పందమో ఉండాలి. ఈ ఏర్పాటు లేనంతవరకు ఎంత గొప్ప యంత్రమైనా అరువు చూపే.

కొత్త చిప్పు

పెద్దావిడ తెచ్చిన వార్త మరొక కొత్త యంత్రాన్ని గురించి. దాని పేరు ప్రీమా. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ పలాంకర్ ఆలోచన నుంచి పుట్టింది. 2 మిల్లీమీటర్ల చదరం, వెంట్రుక కంటె పలుచన, 378 చుక్కలు. దీనికి తీగ లేదు, బ్యాటరీ లేదు. ఇంటి మీద సూర్యరశ్మితో కరెంటు తీసే పలకల వంటిదే, కాకపోతే ఆవగింజంత. కళ్లద్దాలలోని కెమేరా తీసిన బొమ్మను కంటికి కనబడని పరారుణ కిరణాలతో ఈ చిప్పు మీద వేస్తారు. చిప్పు వాటినే విద్యుత్తుగా మార్చి పక్కనున్న నరకణాలకు ఇస్తుంది. కిరణాలు కనబడనివి గనుక మిగిలి ఉన్న సహజమైన చూపుకు అడ్డు రావు.

ఇది వృద్ధాప్యంలో రెటీనా నడిమి భాగం శిథిలమయ్యేవారి కోసం చేసినది. వారికి చుట్టూ కనిపిస్తుంది గాని, ఎదుట పుస్తకంలోని అక్షరం, ఎదుటివారి ముఖం కనబడవు. యూరపులో 5 దేశాలలో 38 మందికి ఈ చిప్పు అమర్చారు. ఫలితాలు 2025 అక్టోబరులో వెలువడ్డాయి. ఏడాది పాటు పరీక్షలో నిలిచినవారు 32 మంది కాగా, వారిలో 26 మందికి చెప్పుకోదగినంతగా చూపు మెరుగుపడింది. కళ్లద్దాలతో అక్షరాలను పెద్దవిగా చేసుకొని చాలామంది అంకెలు, మాటలు చదవగలిగారు. ఐతే అది వేగంగా చదివే చదువు కాదు. అక్షరం అక్షరం కూడబలుక్కొనేదే. చిప్పు నలుపు తెలుపుల చూపునే ఇస్తుంది. 19 మందికి శస్త్రచికిత్స వల్ల కంటిలో ఒత్తిడి పెరగడం వంటి తీవ్రమైన ఇబ్బందులు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం తరువాత సర్దుకున్నాయి.

ఫలితం గొప్పదే, సందేహం లేదు. కాని ఇక్కడ కూడా పరీక్షలు నడుస్తూ ఉండగానే ఆ యంత్రాన్ని తయారుచేస్తున్న ఫ్రెంచి కంపెనీ దివాలా తీసింది. 2024లో సైన్స్ కార్పొరేషన్ అనే అమెరికా కంపెనీ దానిని కొన్నది గనుక పని ఆగలేదు. కొనేవాడు దొరకకపోయి ఉంటే ఆ వృద్ధుల గతి ఏమి? అదృష్టం మీద ఆధారపడే ఏర్పాటును ఏర్పాటు అనలేము.

పెద్దావిడకు మా జవాబు

అమ్మా, మీరు అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పగలము. ఆ రెండెకరాలు అమ్మవద్దు. అరవై చుక్కల ఆర్గస్ యంత్రం తయారీ ఆగిపోయింది. కొత్త చిప్పును పరీక్షించినది నడిమి చూపు పోయిన వృద్ధుల మీద. మీ మనమడికి ఇంకా మిగిలి ఉన్నది ఆ నడిమి చూపే. ఉన్న చూపును పణంగా పెట్టి 378 చుక్కలు కొనడం తెలివైన బేరం కాదు. చూపు తెప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే, ఏ పరీక్షలో, ఎంతమందికి, ఏ ఫలితం వచ్చిందో ముందు అడగండి.

చేయవలసిన పనులు వేరే ఉన్నాయి. మొదట, పెద్ద కంటి ఆసుపత్రిలో జబ్బును గట్టిగా నిర్ధారించుకోండి. రేచీకటి విటమిన్ ఏ లోపం వల్ల కూడా వస్తుంది, దానికి మందు ఉన్నది. వంశపు జబ్బే ఐతే జన్యుపరీక్ష గురించి అడగండి. ఆర్.పి.ఇ. 65 అనే ఒక్క జన్యువులో లోపమున్నవారికి జన్యుచికిత్సను 2017లో అమెరికా ఆమోదించింది. అది అందరికీ పనికిరాదు, ఖరీదు మన ఊహకు అందదు. ఐనా ఏ జన్యువో తెలిసి ఉంటే, రేపు వచ్చే చికిత్స అతనికి తగునో తగదో తెలుస్తుంది.

రెండవది, అతని తోబుట్టువులకు కూడా కంటి పరీక్ష చేయించండి. ఇక్కడ మన ఇళ్లకు సంబంధించిన ఒక మాట చెప్పక తప్పదు. ఈ జబ్బులో కొన్ని రకాలు, తల్లి దగ్గర ఒకటి, తండ్రి దగ్గర ఒకటి లోపమున్న జన్యువు కలిస్తేనే బయటపడతాయి. తల్లిదండ్రులకు చూపు చక్కగానే ఉంటుంది, పుట్టే ప్రతి బిడ్డకు మాత్రం నాలుగింట ఒక వంతు ముప్పు. ఇద్దరూ ఒకే తాత ముత్తాతల సంతానమైతే అటువంటి లోపం రెండు వైపులా ఉండే అవకాశం పెరుగుతుంది. సొంత ఊరికి దూరంగా ఉన్న మనకు మేనరికం అంటే భాష నిలబెట్టుకోవడం, బంధుత్వం నిలబెట్టుకోవడం. అందుకే ఇన్ని తరాలుగా మేనమామకో మేనబావకో ఇచ్చి చేసుకుంటూ వచ్చాము. జరిగినదానికి ఎవరినీ నిందించవలసిన పని లేదు. ఆ బిడ్డ తల్లిని అసలే అనవద్దు. కాని ఇంట్లో ఇటువంటి జబ్బు ఒకరికి కనబడిన తరువాత, ముందు తరం సంబంధాలు కలుపుకొనే ముందు జన్యుసలహా తీసుకోవడం పెద్దల ధర్మం.

మూడవది, పిల్లవాని చదువు ఆపవద్దు. మిగిలిన చూపును పెంచి చూపే కటకాలు ఉన్నాయి. చేతికర్రతో నడక నేర్పే శిక్షకులు ఉన్నారు. 1951 నుంచి మన భాషలన్నిటికీ భారతి బ్రెయిలీ అనే ఒకే ఏర్పాటు ఉన్నది, తెలుగు కూడా వ్రేళ్లతో చదువుకోవచ్చు. నేటి చేతిఫోను తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపిస్తుంది. చూపు ఉన్నప్పుడే ఇవి నేర్చుకుంటే, తరువాత తగ్గినా బ్రతుకు తెరువు ఆగదు. రెండెకరాలు అమ్మక తప్పని రోజు వస్తే, అది ఈ చదువుకే కానివ్వండి.

ఇక పాఠకులకు ఒక మనవి. లక్షల డాలర్ల యంత్రం లేకుండానే చూపు ఇవ్వగలిగే మార్గం మన చేతిలోనే ఉన్నది. మనిషి పోయిన 6 గంటలలోగా కన్నులు ఇస్తే కార్నియా చెడినవారికి అవి ఉపయోగపడతాయి. ఆ కంటికి బ్యాటరీ అక్కరలేదు, మరమ్మతు కోసం కంపెనీ గడప తొక్కనక్కరలేదు. మద్రాసులో స్థిరపడి సినిమాలు తీసిన ఎల్.వి. ప్రసాద్ గారి పేరిట 1987లో హైదరాబాదులో మొదలైన నేత్రవైద్య సంస్థ, మదురైలో 1976లో మొదలైన అరవింద్ కంటి ఆసుపత్రి ఇటువంటి సేవకే పేరుపొందాయి. మన ఇళ్లలో ఈ మాట ముందే అనుకొని ఉంటే, ఆ సమయంలో తడబాటు ఉండదు.

విద్యుత్ నేత్రం రేపు ఇంకా మెరుగుపడుతుందని మేము నమ్ముతున్నాము. 60 చుక్కలు 378 అయినాయి. ముందు ముందు వేలు కావచ్చు. పెద్దావిడ మనమడి వయస్సు పదహారే గనుక అతను చూడబోయే యంత్రం మనం వ్రాసిన ఈ యంత్రం కాకపోవచ్చు. అది వచ్చిన రోజున చుక్కలెన్ని అని మాత్రమే అడగకుండా, చెడితే బాగుచేసేది ఎవరు, కంపెనీ పోతే దిక్కు ఎవరు అని కూడా అడిగి మరీ కంటిని అప్పగించాలి. ఈ వ్యాసం కత్తిరించి పెద్దావిడకు పంపుతున్నాము. ఆ పాత కాగితం ముక్కతో పాటు ఇది కూడా కొంగున ముడివేసుకోవలసిందిగా వారికి మా మనవి.